పాత వైన్ గ్లాసులు, వెండి లేబుళ్లు: ఫొటోలు మాత్రమే చూసి వేలంలో పాడేముందు ఏమేం అడగాలి?

నల్లకుంటబాబు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి వేలం సంస్థ వచ్చే నెల పాట పెట్టింది. ఒక లాట్‌లో (కలిపి ఒకే పాటకు పెట్టిన వస్తువులు) ఓపేక్ ట్విస్ట్, అంటే లోపల తెల్ల దారాలు మెలితిరిగిన కాడ ఉన్న వైన్ గ్లాసులు ఆరు, "సుమారు 1765" అని రాశారు. అంచనా 400 నుంచి 600 పౌండ్లు. పక్క లాట్‌లో వెండి వైన్ లేబుళ్లు నాలుగు (వాటి మీద వైన్ పేర్లు: మదీరా రెండు, పోర్ట్ ఒకటి, షెర్రీ ఒకటి), ఒక వైన్ గరాటు, నల్లటి మెలితిప్పిన పిడితో ఒక పంచ్ గరిటె. రెండు లాట్లకూ కలిపి ఫొటోలు ఐదే. హైదరాబాద్ తెప్పించుకోవాలి. ఏం చూడాలి, ఏం అడగాలి?

గాజుగది:
గ్లాసుల సంగతి నేను చెప్తాను, వెండి సంగతి తులంగారికి వదిలేస్తాను.

ముందుగా ఆరూ పక్కపక్కన నిలబెట్టిన ఫొటో అడగండి. 1760ల్లో ప్రతి గ్లాసూ చేత్తో ఊది చేసిందే. ఎత్తులో రెండు మూడు మిల్లీమీటర్లు, అడుగు వెడల్పులో అంతే తేడా ఉండి తీరాలి. ఆరూ గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉంటే 19వ శతాబ్దం చివర లేదా 20వ శతాబ్దంలో చేసిన నకళ్లని అనుమానించాలి. అసలు ఆరు గ్లాసుల సెట్టు చెదరకుండా దొరకడమే అరుదు. ఎక్కువ భాగం ఎక్కడెక్కడివో ఏరి కూర్చినవి. అది తప్పు కాదు, కానీ సెట్టు ధర పెట్టకూడదు.

తర్వాత ఒక్కో గ్లాసుకూ మూడు కొలతలు: మొత్తం ఎత్తు, పైన అంచు వ్యాసం, కింద అడుగు వ్యాసం. ఆ కాలపు గ్లాసులో అడుగు వ్యాసం అంచుతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది. అడుగు అంచుకన్నా చిన్నగా ఉందంటే రెండే కారణాలు. ఒకటి నకలు. రెండోది, అడుగు చుట్టూ పెచ్చులు లేస్తే వాటిని పోగొట్టడానికి సానబట్టి తగ్గించారు. పక్కనుంచి చూస్తే అడుగు గోపురంలా లేచి ఉండాలి, ఎందుకంటే కింద మధ్యలో పాంటిల్ మచ్చ ఉంటుంది. ఊదేవాడు గ్లాసును కడ్డీకి అంటించి, పని అయ్యాక విరగ్గొట్టిన గరుకు గుర్తు అది. బల్లకు గీసుకోకుండా ఉండాలంటే అడుగు పైకి లేవక తప్పదు. చదునైన అడుగు, నున్నగా సానబెట్టిన మచ్చ ఉంటే పాట ఆపండి.

ఇక అంచు. అసలు అంచును నిప్పు మీద చూపించి మెత్తబరుస్తారు కాబట్టి వేలితో తడిమితే గుండ్రంగా ఉంటుంది. పెచ్చు పోగొట్టడానికి అరగదీసిన అంచు పైన చదునుగా, లోపలా బయటా రెండు పదునైన గీతలతో ఉంటుంది. ఇది మామూలు ఫొటోలో కనిపించదు. అంచును పక్కనుంచి, వెలుతురు అడ్డంగా పడేలా తీసిన దగ్గర ఫొటో కావాలని అడగాలి.

కాడలో తెల్ల దారాలు కూడా దగ్గరగా చూడాలి. తెల్ల గాజు కడ్డీలను అచ్చులో నిలబెట్టి, మధ్య స్వచ్ఛమైన గాజు నింపి, సాగదీసి మెలితిప్పితే వచ్చేదే ఆ అల్లిక. అసలు దాంట్లో దారాలు బిగుతుగా, అంచులు తేటగా ఉంటాయి. నకళ్లలో ఎక్కువగా వదులుగా, నీళ్లు కలిపిన పాలలా నీలం ఛాయతో కనిపిస్తాయి.

లీడ్స్‌తెలుగు:
గాజుగది గారు చెప్పినవన్నీ కండిషన్ రిపోర్ట్ (వస్తువు ఎలా ఉందో వేలం సంస్థ రాసిచ్చే నివేదిక) అడిగితే ఇస్తారు, కానీ ప్రశ్న ఎలా అడుగుతామన్నది ముఖ్యం. "గ్లాసులు బాగున్నాయా?" అని రాస్తే "వయసుకు తగ్గట్టు బాగున్నాయి" అని ఒక ముక్క వస్తుంది. దానివల్ల లాభం లేదు. ఇలా రాయండి: "ఒక్కో గ్లాసుకూ అంచు గానీ అడుగు గానీ సానబట్టారా? కాడకీ గిన్నెకీ మధ్య, కాడకీ అడుగుకీ మధ్య జిగురు ఉందా? గిన్నె లోపల మసక ఉందా?" అవునో కాదో అన్నట్టు అడిగితే రాతపూర్వకంగా దొరికిపోతారు. తర్వాత తేడా వస్తే వాదించడానికి ఆ మెయిలే ఆధారం.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోండి. గ్లాసులు 300 పౌండ్లకు ఆగాయనుకోండి. కొనుగోలుదారు ప్రీమియం (పాట ధర మీద వేలం సంస్థ తీసుకునే రుసుము) 26 శాతం అయితే 78. ఆ 78 మీద 20 శాతం వ్యాట్, 15.60. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే ఇంకో 5 శాతం, 15, దాని మీద వ్యాట్ 3. మొత్తం 411.60. ఇంకా ప్యాకింగ్, రవాణా, మన దేశంలో సుంకం మిగిలే ఉన్నాయి. కొన్ని సంస్థలు తమ సొంత సైట్లో పాడితే ఆ 5 శాతం తీసుకోవు, చూసుకోండి. లాట్ నంబర్ పక్కన నక్షత్రమో కత్తి గుర్తో ఉంటే వ్యాట్ లెక్క మారుతుంది. ఆ గుర్తుల అర్థం ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది కనుక షరతుల పేజీ చదవాల్సిందే.

చార్మినార్‌చౌరస్తా:
అన్నా, అల్ట్రావయొలెట్ టార్చి పెట్టి చూస్తే సీసం గాజు నీలంగ మెరుస్తదంటరు కదా. గదొక్కటి అడిగితే సరిపోదా?

గాజుగది:
సరిపోదు. 365 నానోమీటర్ల కాంతిలో సీసం గాజు నీలం, ఊదా ఛాయలో కనిపిస్తుంది, సోడా గాజు సాధారణంగా పసుపుపచ్చ లేదా ఆకుపచ్చ ఛాయలో. నిజమే. కానీ నిన్న మొన్న చేసిన సీసం క్రిస్టల్ కూడా అదే నీలం. ఇది గాజు రకం చెప్తుంది గానీ వయసు చెప్పదు. వేలితో మీటి మోగించే పరీక్షదీ ఇదే సమస్య.

ఆ టార్చి అసలు పనికొచ్చేది జిగురు పట్టుకోవడానికి. విరిగిన కాడను రెసిన్‌తో అతికిస్తే అతుకు దగ్గర తెల్లగానో పసుపుగానో మెరుపు గీత కనిపిస్తుంది. వేరే గ్లాసు అడుగు తెచ్చి అంటించినా అంతే.

వస్తువు చేతికొచ్చాక చేయగలిగే మంచి పరీక్ష సాంద్రత. వంటింటి డిజిటల్ తూకం చాలు. గ్లాసును పొడిగా తూచండి, 186 గ్రాములు అనుకుందాం. తర్వాత లోతైన ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. మెత్తటి దారంతో గ్లాసును వేలాడదీసి, పూర్తిగా మునిగేలా, డబ్బా అడుగుకూ గోడకూ తగలకుండా దింపండి. తూకం 60 చూపిస్తే 186ను 60తో భాగించాలి, 3.1. సీసం గాజు 3 దాటుతుంది, సోడా గాజు దాదాపు 2.5. గిన్నెలో గాలి బుడగ ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది కాబట్టి గ్లాసును వాల్చి ముంచండి. ఎయిర్ ట్విస్ట్ కాడలో గాలే ఉంటుంది గనుక కొంచెం తక్కువ రావచ్చు.

తులం:
వెండి లాట్ గురించి. మొదట లేబుళ్లు. డికాంటర్ (వైన్ పోసి వడ్డించే గాజు సీసా) మెడకు గొలుసుతో వేలాడదీసే చిన్న పలకలివి, 1730ల నుంచి వాడుకలోకి వచ్చాయి. 1860ల తర్వాత సీసాల మీద కాగితం లేబుళ్లు మామూలైపోయి వీటి అవసరం తగ్గింది. తూకం సాధారణంగా పది గ్రాములకు అటూ ఇటూ. అంటే వెండి విలువ నామమాత్రం, ధరంతా తయారీదారుదీ, ముద్రలదీ, పేరుదీ.

ముద్రల సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో వెండి ముద్రల మీద వచ్చిన 1790 చట్టానికి ముందు లేబుళ్ల మీద తయారీదారు ముద్ర, సింహం ముద్ర (వెండి శుద్ధికి గుర్తు) ఉంటే సరే, కొన్నిటి మీద తయారీదారు ముద్ర ఒక్కటే ఉంటుంది. ఏ ఏడాదిదో చెప్పే సంవత్సర అక్షరం లేదని కంగారు పడనక్కర్లేదు. 1790 తర్వాతిదైతే పూర్తి ముద్రలు ఉండాలి. రాజు తల గుర్తు సుంకం కట్టినందుకు వేసేది, 1784 డిసెంబరు నుంచి 1890 దాకా. మొదట్లో, 1786 దాకా, ఆ తల లోపలికి దిగినట్టు ఉంటుంది, తర్వాత ఉబ్బెత్తుగా. రాజు తల ఉన్న లేబుల్‌ను ఎవరైనా "1760" అని అమ్మితే వాళ్లకు తెలియదు, లేదా మనకు తెలియదనుకుంటున్నారు.

మీ లాట్‌లో మదీరా రెండు ఉన్నాయి కాబట్టి ఒక మంచి అవకాశం. రెండిటి వెనకభాగం ఫొటోలు తెప్పించి పక్కపక్కన పెట్టండి. ముద్రలు చేత్తో కొడతారు, అందువల్ల ఒక్కో లేబుల్ మీద వంపు, దూరం వేరువేరుగా పడతాయి. రెండిటి మీద అదే చోట, అదే వంపులో, అదే ఎడంతో ఉంటే ఒకదాన్ని అచ్చుగా పెట్టి రెండోది పోత పోశారన్నమాట. పోత ముద్ర అంచులు కరిగిన సబ్బులా మొద్దుబారి, చుట్టూ సూదిమొన చుక్కలతో ఉంటాయి.

పేరు మార్చిన లేబుళ్లు ఇంకో తంటా. మదీరా, పోర్ట్, షెర్రీ ఎక్కువ దొరుకుతాయి, చవక. బ్యుసెలాస్, విడోనియా, మౌంటెన్ లాంటివి తక్కువ, కాబట్టి ఖరీదు. అందుకని మామూలు పేరు గీకేసి అరుదైన పేరు చెక్కుతారు. చెక్కిన చోట పలక పల్చబడుతుంది. బొటనవేలితో మధ్యలో మెల్లగా నొక్కితే తెలుస్తుంది. నోటితో ఆవిరి ఊదితే కూడా పాత అక్షరాల నీడ ఒక్కోసారి కనబడుతుంది. మీవి మామూలు పేర్లే కనుక ఈ మోసం మీ లాట్‌లో జరిగే వీలు తక్కువ.

నల్లకుంటబాబు:
ధన్యవాదాలు తులంగారూ. గరాటు, గరిటె?

తులం:
గరాటు రెండు భాగాలు: పైన జల్లెడ ఉన్న గిన్నె, కింద ముక్కు. రెండిటి మీదా ముద్రలు ఉండాలి. గిన్నె మీద పూర్తి వరుస, ముక్కు భాగం మీద కనీసం సింహం, తయారీదారు. రెండు చోట్లా తయారీదారు వేరైతే అది జత కలిపిన సరుకు, సగం ధర. ముక్కు చివర ఒక పక్కకు వంగి ఉండాలి. మడ్డి కదలకుండా వైన్ డికాంటర్ గోడ వెంట జారడానికే ఆ వంపు. చివర తిన్నగా ఉంటే చీలిన కొసను కత్తిరించేశారు. కొన్నిటిలో గిన్నెకూ ముక్కుకూ మధ్య పల్చటి గుడ్డ బిగించే రింగు కూడా ఉండేది. ఎక్కువ వాటిలో అది పోయి ఉంటుంది, పెద్ద లోటేమీ కాదు.

గరిటె దగ్గరే చిక్కు. నల్లగా మెలితిరిగిన ఆ పిడి తిమింగలం నోట్లో ఉండే బలీన్ పలక. వేలం జాబితాల్లో దాన్ని ఎముక అని రాస్తుంటారు, కానీ అది గోరు లాంటి పదార్థం. పెద్ద తిమింగలాలు దాదాపు అన్నీ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉన్నాయి. పాతదైనా సరే, పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. పార్సిల్ మొత్తం కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటుంది. గరిటె గిన్నె మధ్యలో నాణెం బిగించి ఉంటే ఆ నాణెం మీద తేదీని గరిటె తేదీగా తీసుకోవద్దు. పాత నాణెం దొరికితే కొత్త గరిటెలో పెట్టేవారు. ఆ తేదీకి ముందు చేసింది కాదని మాత్రమే తేలుతుంది.

లీడ్స్‌తెలుగు:
లాట్ చీల్చి అమ్మరు. గరిటెను ఇంగ్లండ్‌లోనే ఎవరికైనా ఇచ్చేసి, మిగతావి పంపించమని ప్యాకర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దంతం పిడి ఉన్న కార్క్‌స్క్రూలదీ ఇలాంటి గొడవే. బ్రిటన్‌లో 2018 నాటి ఐవరీ చట్టం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. 1947కు ముందు చేసినదై, దంతం పదో వంతుకన్నా తక్కువ ఉంటేనే, అదీ నమోదు చేయించాకే అమ్మాలి.

చెన్నపట్నం:
ఇదే వరసలో ఒక హెచ్చరిక. బ్రిటిష్ ఇండియాలో చేసిన వైన్ లేబుళ్లలో పులిగోరుకు వెండి కట్టినవి ఉన్నాయి. వాటి జోలికి పోకండి. పులి భాగాల కొనుగోలు, అమ్మకం, రవాణా మన వన్యప్రాణి చట్టం కింద నేరం. "వందేళ్ల నాటిది" అన్న మాట అక్కడ పనిచేయదు.

మనవాళ్లకు దగ్గరి సంగతి కూడా చెప్పుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో మదీరా వైన్ బాగా నడిచింది. ఓడల్లో పీపాలు వేడిలో కదులుతూ వచ్చినకొద్దీ ఆ వైన్ రుచి మెరుగుపడుతుందని పేరు. అందుకే ఇండియాలో చేసిన లేబుళ్లలో మదీరా తరచుగా కనిపిస్తుంది. వెండి పనికి మద్రాసులో జార్జ్ గోర్డన్, పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్ పెద్ద పేర్లు. హామిల్టన్ ముద్రల్లో ఏనుగు బొమ్మ ప్రసిద్ధం. మద్రాసు స్వామి పనితనం, అంటే వరసగా దేవతామూర్తులు ఉబ్బెత్తుగా దిద్దిన వెండి, క్లారెట్ (ఎర్ర వైన్) జగ్గుల మీదా కప్పుల మీదా వచ్చింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, అప్పట్లో ఇండియాలో లండన్ లాంటి పరీక్షా కార్యాలయం లేదు. ఏనుగు గానీ అక్షరం గానీ ఆ కంపెనీ సొంతంగా వేసుకున్నదే, ప్రభుత్వం శుద్ధికి హామీ ఇచ్చింది కాదు. వెండి శాతం కావాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం మీద చూపించండి, హైదరాబాద్, విజయవాడ, చెన్నై బంగారం బజార్లలో అది దొరుకుతుంది. అంచు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, టంకం చోట ఒకటి, మూడు రీడింగులు తీయించండి. గీటురాయి మీద గీయనివ్వకండి. "కొంచెం పాలిష్ పెడతాం సార్" అంటే అసలే వద్దు. బఫింగ్ చక్రం ఒక్కసారి తిరిగితే ముద్ర సగం పోతుంది, దానితో విలువ కూడా.

విశాఖతీరం:
మా ఇంట్లో జార్జియన్ (ఇంగ్లండ్‌లో జార్జ్ రాజుల కాలపు) డికాంటర్ ఒకటి ఉంది, లోపల మసక. మూత కూడా బిగుసుకుపోయింది. సముద్రగాలికి వెండి కూడా వారంలో నల్లబడుతోంది. మూడిటికీ మందు చెప్పండి.

గాజుగది:
మూత ముందు. మెడకీ మూతకీ మధ్య గ్లిజరిన్ రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మెడ చుట్టూ గోరువెచ్చటి గుడ్డ చుట్టి, కర్ర చెంచాతో మూతను రెండు పక్కలా మార్చి మార్చి సుతారంగా తట్టండి. తిప్పి లాగొద్దు, మూత మొన లోపలే విరుగుతుంది. వేడినీళ్లు అసలొద్దు. బయటికొచ్చాక మూత మొన మీద, మెడ అంచు మీద చిన్న అంకె గీసి ఉందేమో చూడండి. రెండూ ఒకటైతే మూత దానిదే.

మసక రెండు రకాలు. నీళ్లలోని సున్నం పేరుకున్నదైతే, గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సిట్రిక్ ఆమ్లం కలిపి ఒక రోజు ఉంచితే పోతుంది. గాజే దెబ్బతిన్నదైతే పోదు, పొడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ కనిపిస్తుంది, తడిపితే మాయమవుతుంది. అమ్మేవాళ్లు ఈ రెండో రకాన్ని దాచడానికి లోపల నూనె రాస్తారు. వేలంలో కొన్న డికాంటర్ మరీ తళతళలాడుతుంటే లోపల ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి కడగండి, నిజం బయటపడుతుంది. ఇసుక, బియ్యం వేసి గిలకొట్టడం మన వంటింటి అలవాటు. ఇక్కడ గీతలు పడతాయి, మానేయండి.

సీసం గాజు డికాంటర్‌లో మద్యం రోజుల తరబడి ఉంచొద్దు, సీసం దిగుతుంది. ఆ పూటకు పోసుకుని ఖాళీ చేయాలి.

తులం:
వెండికి: అల్యూమినియం రేకు, వంట సోడా, వేడినీళ్ల చిట్కా యూట్యూబ్‌లో చూసి చేస్తారు. నలుపు పోతుంది గానీ చెక్కుడు గుంటల్లో వందేళ్లుగా నిలిచిన నీడ కూడా పోయి బొమ్మ చప్పిడిగా కనబడుతుంది. లేబుల్ అక్షరాల్లో నల్ల మైనం నింపి ఉంటే వేడికి అదీ ఊడుతుంది. టూత్‌పేస్ట్, విభూతి రెండూ గరుకే, వారంవారం రుద్దితే ముద్రలు అరిగిపోతాయి. తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో పూర్తిగా తుడిచి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రం మంచి సిల్వర్ క్రీమ్ వాడండి. దాచేటప్పుడు ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టి జిప్ సంచిలో, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రబ్బరు బ్యాండు వేస్తే అది తగిలినంత మేరా నల్ల గీత పడుతుంది, రబ్బరులో గంధకం ఉంటుంది మరి. ఉన్నిగుడ్డ, న్యూస్ పేపరు కూడా వద్దు.

ఎడిసన్‌వాసి:
నల్లకుంటబాబు గారూ, దిగుమతి పత్రాల గురించి ఎవరూ చెప్పలేదు. వందేళ్లు దాటిన పాతవస్తువులకు కస్టమ్స్ శీర్షిక 9706. ఇన్వాయిస్ మీద "సుమారు 1765, వందేళ్లు పైబడినది" అని వేలం సంస్థ చేత రాయించండి. ఉత్త "గాజు గ్లాసులు" అని రాస్తే కొత్త గాజుసామాను కిందకు పోతుంది. వెండి వస్తువులకూ తయారీ సంవత్సరం విడిగా రాయించాలి. ఆ రోజుకు రేటెంతో కస్టమ్స్ బ్రోకర్‌ను అడిగి పాట పెట్టండి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దగ్గర దాఖలు చేసే దిగుమతి పత్రం) పారేయకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు దేశం బయటకు పంపడం కుదరదు, అది పరదేశం నుంచి వచ్చిందని చూపించే కాగితం అది.

నల్లకుంటబాబు:
అందరికీ కృతజ్ఞతలు. కండిషన్ రిపోర్ట్ వచ్చింది. ఆరింటిలో నాలుగిటి అడుగు అంచుకన్నా 4 నుంచి 6 మిల్లీమీటర్లు వెడల్పు. ఒకదాని అంచు సానబట్టారు. ఇంకొక దాని అడుగు అంచుకన్నా 9 మిల్లీమీటర్లు చిన్న, పాంటిల్ నున్నగా ఉంది. జిగురు ఎందులోనూ లేదన్నారు. రెండు మదీరా లేబుళ్ల ముద్రలు వేరువేరు వంపుల్లో ఉన్నాయి.

గాజుగది:
అయితే నాలుగే గ్లాసులు కొంటున్నట్టు లెక్కేయండి. సానబట్టిన అంచు ఉన్నదానికి సగం వేయండి, నున్నటి పాంటిల్ ఉన్నదానికి సున్నా. ఒక్కోటి 80 పౌండ్లకు మించకపోతే నాలుగున్నర గ్లాసులకు 360 దగ్గర ఆగాలి. అది ప్రీమియం కలపకముందు ధర.

చార్మినార్‌చౌరస్తా:
సగం గ్లాసుకు పైసలెందుకన్నా, అది కూడ సున్న వెయ్యరాదా?

గాజుగది:
వేయొచ్చు, వాదన లేదు. కానీ కాడ అల్లిక బాగుంటే చదవడానికి, పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. అల్మరాలో పెట్టడానికైతే మీ మాటే రైటు. ఊరికే చూసి కన్ను పెంచుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు గది ఉంది. కాడలు, అడుగులు మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి చూడండి, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

లీడ్స్‌తెలుగు:
ప్యాకింగ్ గురించి ఒక మాట, తర్వాత మీ ఇష్టం. గ్లాసులకు, వెండికి వేర్వేరు పెట్టెలు. కాడ చుట్టూ బబుల్ రేపర్ చుట్టి గిన్నె వెడల్పుకు సమానం చేశాకే మొత్తం గ్లాసును చుట్టాలి, లేకపోతే బరువంతా కాడ మీద పడి అక్కడే విరుగుతుంది. గిన్నెలో కాగితం కుక్కొద్దు, వదులుగా పెట్టాలి. చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో, అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్తతో. చాలా కొరియర్ల బీమాలో గాజు పగులు మినహాయింపు కింద ఉంటుంది. పాతవస్తువులు పంపే ప్రత్యేక సంస్థ దగ్గర కొటేషన్ తీసుకుని, "గాజు పగిలినా వర్తిస్తుంది" అన్న వాక్యం అందులో ఉంటేనే డబ్బు కట్టండి.

నల్లకుంటబాబు:
సరేనండి. గ్లాసులకు 360 దగ్గర ఆపేస్తాను. వెండి లాట్‌లో గరిటె వదులుకుని గరాటు, లేబుళ్లు లెక్కేస్తే ఎంత దాకా పోవచ్చు తులంగారూ?

తులం:
గరాటు ముక్కు కొస ఫొటో పెట్టండి, అప్పుడు చెప్తాను. మీరు పంపిన దాంట్లో అది గుడ్డ కింద దాగి ఉంది. కావాలని దాచారేమో కూడా చూడాలి.